నీళ్లలో నిలబడ్డ పది గొర్రెలు

పది గొర్రెలు రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు సోమశిల జలాశయం లోపలికి వెళ్లి, గంటసేపు కదలకుండా నిలబడి, మళ్లీ ఒడ్డుకు వస్తున్నాయట. ఈ మాట నాకు చెప్పింది తాగి మాట్లాడే మనిషి కాదు. మా యూనివర్సిటీ ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంటులో అయిదేళ్లుగా పరిశోధన చేస్తున్న ప్రసూన. నేను నమ్మనని కంప్యూటర్ తెర కూడా చూపించింది. నీలంగా నీళ్లు, ఆ నీళ్లలో పది ఎర్ర చుక్కలు. ఈత కొడుతున్నాయా అంటే లేదట. మునిగాయా అంటే మర్నాడు మళ్లీ వస్తున్నాయట. గొర్రెల సంఘం వాళ్లు సమావేశం పెట్టుకున్నారేమో అన్నాను. ఆమె నవ్వలేదు. అప్పుడే అర్థమైంది విషయం పెద్దదని.

నేను ఆ డిపార్ట్‌మెంటుకు అద్దె కారు తోలేవాణ్ణి. మాది తెనాలి దగ్గర పల్లె. చదువు ఏడో తరగతితో ఆగింది. అది లెక్కల మాస్టారూ నేనూ ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం, గొడవేమీ లేదు. ఎనిమిదేళ్లుగా ఇంజనీర్లను మోస్తున్నాను కాబట్టి వాళ్ల మాటలు సగం వింటాను, అందులో సగం అర్థమవుతాయి, ఆ సగం కూడా తప్పుగా.

ఈసారి అర్థమైనది ఇది. ఉదయగిరి వైపు ఒక మందలో పది గొర్రెలకు, ఒక్కోదాని మెడలో అగ్గిపెట్టెకు రెండింతలుండే డబ్బా కట్టారు. అది తాను ఎక్కడుందో పావుగంటకోసారి రేడియోలో చెబుతుంది. ఆత్మకూరులో ఒక డాబా మీద, ఉదయగిరిలో మరో డాబా మీద పెట్టిన రిసీవర్లు ఆ మాట విని మాకు పంపిస్తాయి. అదే తెర మీద చుక్క. రెండు నెలల చుక్కలు చూసి ప్రసూన ఒక సంగతి కనిపెట్టింది. ఈ మందలో గొర్రెలు నాలుగడుగుల దూరం కూడా విడిపోకుండా కలిసి నడుస్తున్నాయి, కలిసి ఆగుతున్నాయి. ఆమె థీసిస్‌లో అయిదో అధ్యాయం అంతా ఇదే. వచ్చే నెలలో ఇచ్చెయ్యాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. మూడోసారి పెంచాలంటే వాళ్ల ప్రొఫెసరు స్వయంగా వెళ్లి అడగాలి, ఆయన ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. ఇక మిగిలింది ఒక్క పేరా. ఆ గొర్రెలు అక్కడ ఎందుకు ఆగుతున్నాయో కళ్లతో చూసి రాయాలి. ఆ పేరా కోసం మే నెల ఎండలో మూడు రోజుల ప్రయాణం.

ఆత్మకూరు డాబా

నెల్లూరు దాటి గంటసేపు పడమరకు పోయేసరికి కాలువలు మాయమయ్యాయి. మా వైపు కొత్త మనిషి కనపడితే భోజనం చేశారా అని అడుగుతారు. ఇక్కడ మీ కాడ బోరు ఎన్నడుగులు అని అడిగారు. మాకు బోరు లేదు, కాలువ ఉంది అన్నాను. ఆ తర్వాత టిఫిను బండి దగ్గర నన్ను జమీందారును చూసినట్టు చూశారు. కారం దోసె నలభై రూపాయలు. గుంటూరు జిల్లావాణ్ణి, నాకు కారం ఏమిటి అని పొగరుగా రెండో దోసె కూడా చెప్పాను. కళ్లు తుడుచుకుంటూ తిన్నాను. పక్కాయన ఎవరైనా పోయారా అని జాలిగా అడిగాడు.

మొదటి రిసీవరు ఆత్మకూరు బయట ఒక మాజీ సర్పంచి గారి డాబా మీద ఉంది. పెద్ద రైతు, పెద్ద మీసం, పెద్ద గొంతు. మమ్మల్ని స్వయంగా మెట్లెక్కించి తీసుకెళ్లాడు. పైకి వెళ్లి చూస్తే రిసీవరుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. యాంటెన్నాకు బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. చుట్టూ ఆయన భార్య ఎండబెట్టిన వడియాలు. యాంటెన్నా ఆ కాయ బరువుకు వంగి, వడియాలకు నమస్కారం పెడుతోంది.

ప్రసూన గుమ్మడికాయ వైపు వేలు చూపించింది. ఆయనే సర్దిచెప్పాడు. యూనివర్సిటీ వాళ్లు ఊళ్లో ఇన్ని డాబాలుండగా తన డాబానే ఎంచుకున్నారని ఊరంతా ఏడుస్తోందట, అందుకని దిష్టి తగలకుండా కట్టించాడట. గుమ్మడికాయను పక్కనున్న కొక్కేనికి మార్చడానికి అరగంట బతిమాలాల్సి వచ్చింది. యాంటెన్నా నేనే నిలబెట్టాను. అప్పుడు ప్రసూన గొర్రెలు నీళ్లలో నిలబడే సంగతి ఆయనకు చెప్పింది.

ఆయన మీసం దువ్వుకున్నాడు. "అక్కడ చవుడు నేల ఉండాదమ్మా. ఉప్పు కోసం నాకతా ఉంటాయి. రాసుకోండి, నా పేరు కూడా రాయండి" అన్నాడు.

ఆమె రాసుకుంది. నీళ్ల అడుగున ఉన్న ఉప్పు గొర్రె ఎలా నాకుతుందని నేను మెట్లు దిగుతూ అడిగాను. "బాబాయ్, నువ్వు కారు తోలు" అంది.

ఏఎస్ పేటలో చెప్పులు

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోతూ ఏఎస్ పేటలో, అంటే అనుమసముద్రంపేటలో ఆగాం. అక్కడ దర్గా ఉంది. బొట్టు పెట్టుకున్నవాళ్లూ టోపీ పెట్టుకున్నవాళ్లూ ఒకే వరసలో నిలబడి ఉన్నారు. ఎవరి కష్టం వాళ్ల చేతిలో పూల దండతో సహా పట్టుకుని. పూలూ చక్కెర పొట్లమూ కలిపి యాభై అంది దుకాణం ఆమె. నలభై అన్నాను. మొక్కుకి కూడా బేరమా అని నన్ను పైనుంచి కిందికి చూసి, యాభై ఇప్పించుకుంది.

ప్రసూనకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. లేదని చెబుతూనే పొట్లం కొని లోపలికి వెళ్లింది. బయటికి వచ్చాక ఏం మొక్కుకున్నావమ్మా అంటే, ఊరికే చూసొచ్చాను అంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అయిదేళ్లు అంటే తక్కువ కాలమా. ఆమెతో చేరినవాళ్లు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఈమె ఇంకా గొర్రెల వెంట తిరుగుతోంది, అదీ కంప్యూటర్‌లో.

నేనూ లోపలికి వెళ్లి వచ్చేసరికి నా చెప్పుల్లో ఒకటి మారిపోయింది. కుడికాలిది నాదే. ఎడమకాలిది ఎవరో నాకంటే రెండంగుళాలు పెద్ద మనిషిది. దొంగతనం అనలేం, ఎందుకంటే వచ్చిన చెప్పు పోయినదానికంటే కొత్తది. లాభమా నష్టమా తేలక అలాగే తొడుక్కున్నాను. మిగిలిన ప్రయాణమంతా ఒక కాలు నడుస్తుంటే ఒక కాలు ఈడ్చుకొచ్చింది.

ఉదయగిరి

ఉదయగిరి కొండ దూరం నుంచే కనపడుతుంది, పాతకోట గోడల్ని నెత్తిన పెట్టుకుని. ఊళ్లో కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. చెంచా చివర చిన్న చేప, దాని కంటికి చుక్క. మా ఆవిడకు అరవై రూపాయలకు ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చాక ఆమె దాన్ని వాడకుండా అద్దాల బీరువాలో పెట్టింది. చెంచాకు కూడా అదృష్టం ఉండాలి.

రెండో రిసీవరు ఒక చెంచాలు చెక్కే ఆయన ఇంటి మీద ఉంది. దానికి గుమ్మడికాయ లేదు, రంపపు పొట్టు మాత్రం అంగుళం మందాన పేరుకుంది. ఆ రాత్రికి ఊళ్లో బస చేసి, పొద్దున్నే దాన్ని దులిపి, బ్యాటరీ మార్చి, దగ్గర్లో ఉన్న పల్లెకు వెళ్లాం. అక్కడ పెంచలయ్య ఇల్లు. గొర్రెల యజమాని ఆయనే. ఆయన ఇంట్లో లేడు. భార్య రమణమ్మ వాకిట్లో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది.

ఈ వైపు కొండల్లో గడ్డి ఎండిపోగానే మందల్ని తోలుకుని సోమశిల వైపు వెళ్లిపోతారట. నీళ్లు వెనక్కి తగ్గిన చోట పచ్చగడ్డి మొలుస్తుంది. రాత్రిళ్లు ఎవరో ఒక రైతు పొలంలో మందను నిలుపుతారు. పొలానికి ఎరువు, కాపరికి గింజలు. వానలు పడ్డాకే ఇంటికి. మా వైపు ఎరువు లారీలో వస్తుంది, ఇక్కడ నడిచి వస్తుంది.

రమణమ్మ మాకు రాగి సంగటి పెట్టింది, దాని నడుమ గుంట చేసి పప్పు పోసింది. ప్రసూన తింటూనే అడిగింది, గొర్రెలు అక్కడ నీళ్లలో ఎందుకు నిలబడతాయని. రమణమ్మ వడ్డించే చెయ్యి ఆపి ఆమెను చూసి, తర్వాత నన్ను చూసింది, ఈ పిల్లకు ఎండదెబ్బ తగిలిందా అన్నట్టు.

"గొర్రె నీళ్లల్లోకి యాడ దిగతాది పాపా? తోక తడిస్తేనే ఎనక్కి ఉరికొస్తాది. ఎవురు చెప్పినారు నీకు?"

"డేటా చెప్పింది" అంది ప్రసూన.

ఆ డేటా ఏ ఊరాయన అని రమణమ్మ నన్ను మెల్లిగా అడిగింది. నాకూ పరిచయం లేదన్నాను.

ఆమెకు మొగుడి మీద కోపం ఉంది, గొర్రెల మీద కాదు. ఈసారి పోయేటప్పుడు ఎన్నడూ లేంది ఒక సంచి భుజానికి తగిలించుకుని పోయాడట. ముట్టుకోనివ్వడట. అన్నం మూట అందులో పెట్టబోతే గయ్యిమన్నాడట. "నలభై ఏండ్లు కాపరం చేసినా, నన్ను అట్ట చూసుకోలా ఎన్నడూ" అంది. మాకు నవ్వొచ్చింది. సంచి సంగతి అంతటితో మర్చిపోయాం. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే పెట్రోలు మిగిలేది.

మాతో ఒక మూట పంపింది, సంగటి ముద్దలూ గోంగూర పచ్చడీ. ఆయన చేతికే ఇమ్మంది, గొర్రెలకు కాదు.

సోమశిల

మూడో రోజు పదకొండు గంటలకు జలాశయం దగ్గరికి చేరాం. దారిలో చేపలు అమ్ముతున్నారు. అప్పుడే పట్టినవి, ఇంకా మూతులు తెరుస్తున్నాయి. కొనాలని ఉంది గానీ కారులో పరిశోధన వాసన చాలు, చేపల వాసన కూడా ఎందుకని ఊరుకున్నాను.

ప్రసూన ఫోనులో మ్యాపు పెట్టింది. ఆ చుక్కల చోటుకు దారి తియ్యమంది. కారు పోయినంత దూరం పోయి, తర్వాత నడక. ఎడమచెప్పు ప్రతి అడుగుకీ ముందుకు జారిపోతోంది. మ్యాపులో మేం నీళ్లలోకి దిగేశాం. ఫోను ప్రకారం మా చుట్టూ, మా నెత్తిమీద అంతా నీలమే. కాళ్ల కింద మాత్రం పగుళ్లిచ్చిన నేల, అక్కడక్కడ గడ్డి. నీళ్లు ఇంకా బాగా ముందున్నాయి. నేను రెండు చేతులూ ఈదుతున్నట్టు ఆడించాను.

ప్రసూన ఆగిపోయి నెత్తి కొట్టుకుంది. "మ్యాపులో ఫోటో జలాశయం నిండుగా ఉన్నప్పటిది బాబాయ్. ఇది ఎండాకాలంలో నేలే."

అయితే గొర్రెలు నీళ్లలో నిలబడటం లేదు. సగం చిక్కు విడిపోయిందని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకు ఆగుతున్నాయనేది ఒకటే మిగిలింది. గబగబా నడిచింది. గట్టు దాటగానే మంద కనపడింది. ఆమె మళ్లీ ఆగింది.

గొర్రెలు కలిసి లేవు. ఒకటి ఇక్కడ, నాలుగు అక్కడ, ఇంకొన్ని నీళ్ల అంచున, రెండు ఎవరిదో దోసతోట వైపు దొంగచూపులు చూస్తూ. కలిసి నడవడం, కలిసి ఆగడం మాట దేవుడెరుగు, వాటికి ఒకదానితో ఒకదానికి మాటల్లేనట్టుంది. ఏ ఒక్కదాని మెడలోనూ డబ్బా లేదు.

"చుక్కలు?" అన్నాను.

ఆమె ఫోను చూసింది. పది చుక్కలూ మాకు వంద అడుగుల దూరంలో, ఒకేచోట. అటు చూస్తే నేలలోంచి పైకి తేలిన కొన్ని రాళ్లు. కూలిన గోడ పునాదుల వరసలు. వాటి నడుమ ఒక పెద్ద రుబ్బురోలు. దాని మీద తలపాగా చుట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. భుజాన సంచి. టైము పన్నెండున్నర.

పెంచలయ్య ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఎండలో ఇంతదూరం ఎందుకొచ్చినారని నొచ్చుకున్నాడు. గొర్రెల మెడల్లో డబ్బాలేవి తాతా అని ప్రసూన అడిగింది.

"భద్రంగా ఉండాయి పాపా" అన్నాడాయన గర్వంగా, సంచి విప్పుతూ. ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, దారంతో కట్టి, పాతపంచె గుడ్డలో పేర్చాడు. పదీ ఉన్నాయి. "ఒక్కటి పోయినా నీదే పూచీ అని మీ ఆఫీసాయన కాయితం మీద ఏలుముద్ర ఏయించుకున్నాడు గదా. కంపలో దూరే గొర్రె మెడలో ఇది నిలస్తాదా? మీ కారు మలుపు తిరగతానే అన్నీ ఇప్పేసినా. రెండు నెల్లుగా సంచి దించలా. పొణుకునేటప్పుడు తల కింద పెట్టుకుంటా."

మంద కలిసి నడవడంలో అంత పొందిక ఎలా వచ్చిందో నాకు ఏడో తరగతితోనే అర్థమైంది. నడిచింది ఒక్కడే. అయిదో అధ్యాయం నిండా ఉన్నది పెంచలయ్య.

ప్రసూన నేల మీద కూర్చుంది. రోజూ ఇక్కడే ఎందుకు ఆగుతావు తాతా అని అడిగింది. అడగడం కూడా అలవాటుకొద్దీ అడిగినట్టుంది.

"ఇది మా రోలు" అన్నాడు. "ఈడ మా ఊరు ఉన్నింది. డ్యాం కట్టి ఖాళీ చేయమన్నప్పుడు తలుపులు, దూలాలు గూడా ఎత్తకపోయినాం. దీన్ని నలుగురం పట్టినా లేవలా. ఎండాకాలం నీళ్లు దిగితే బయటపడతాది. అప్పుడొచ్చి కూసోని రెండు ముద్దలు తింటా. ఇంట్లో తిన్నట్టు ఉంటాది."

రమణమ్మ మూట ఇచ్చాను. అక్కడే రోలు మీద విప్పి, మాకూ చెరో ముద్ద పెట్టాడు. ఆయన తింటుంటే ప్రసూన లేచి దూరంగా గట్టు మీదికి వెళ్లింది. సిగ్నలు అక్కడే ఉంది. నేను వెనకాలే వెళ్లాను. ఇవ్వకూడని సలహా ఒకటి ఇచ్చాను. ఫోటో తీసుకుని పోదామమ్మా, రోలు దగ్గర రాళ్లల్లో ఉప్పుందని రాసెయ్యి, ఆత్మకూరు సర్పంచి సాక్షి, గొర్రెలు వచ్చి కాదని చెప్పవు అన్నాను. అయిదేళ్ల కష్టం ఒక సంచి పాలవుతుంటే నాకు తోచింది అదే.

ఆమె ఫోను తీసింది. "చుక్కలు అబద్ధం చెప్పలేదు బాబాయ్. గొర్రె అని పేరు పెట్టింది నేను" అని, ప్రొఫెసరుకు ఫోను కలిపింది.

నేను తిరిగి వచ్చేసరికి పెంచలయ్య చెయ్యి కడుక్కోకుండా కూర్చుని ఉన్నాడు. "ఆ పాపకి నేనేమన్నా చెరుపు చేసినానా డ్రైవరా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా. పది గొర్రెలు చెయ్యాల్సిన పని నువ్వొక్కడివే చేశావు."

"మరి నాకు గడ్డి ఎయ్యలేదే ఎవురూ" అన్నాడు. నా నోటికి తగ్గ మనిషి దొరికాడనుకున్నాను.

ప్రసూన వచ్చింది. సారు ఏమన్నారని అడిగాను. సారు అంతా విన్నారట. తర్వాత, రెండు నెలల్లో పెంచలయ్య ఎంత దూరం నడిచాడు అని అడిగారట. అంతే. గడువు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

డబ్బాలు మళ్లీ గొర్రెలకు కడదామంది. పెంచలయ్య ససేమిరా అన్నాడు. డబ్బా పోయినా ఫర్వాలేదంటే నమ్మడు. ఆమె నోటుపుస్తకంలో అదే రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సంతకం ఎవురైనా పెడతారు. ఏలు ఎయ్యి."

నేను ఆమె పెన్ను రీఫిల్లు కొరికి సిరా తీశాను. సగం నా నాలుక మీదే పడింది. ఇంజనీరింగులో పరిశోధన చేసే ప్రసూన ఎడమచేతి బొటనవేలు ఆ కాగితం మీద అద్దింది. పెంచలయ్య దాన్ని ఊది ఆరబెట్టి, మడిచి తలపాగాలో దోపుకుని, అప్పుడు ఈల వేశాడు. ఎక్కడెక్కడివో గొర్రెలు తలలెత్తి రావడం మొదలుపెట్టాయి.

తొమ్మిదింటికి కట్టాం. పదోదాన్ని ఆమె ఆయన సంచిలోనే పెట్టింది.

"నాకెందుకు పాపా? నేనేమన్నా తప్పిపోతానా?"

"అవి నీ వెంట వస్తున్నాయో, వాటి వెంట నువ్వు పోతున్నావో చూడాలి తాతా."

పెంచలయ్య ఆలోచించాడు. "అది నాకూ తెలవదు. తెలిస్తే చెప్పు" అన్నాడు.

వచ్చాక

ప్రొఫెసరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి గడువు అడిగారు. నేనే తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు టీ కూడా ఇప్పించారు. ఆరు నెలలు ఇచ్చారు. పాత అయిదో అధ్యాయాన్ని ప్రసూన తీసెయ్యలేదు. ఆ చుక్కలు ఎవరివో రాసి, పక్కన కొత్త చుక్కలు పెట్టి, మళ్లీ మొదలుపెట్టింది. అది నెగ్గుతుందో లేదో ఇంకా తెలియదు.

నాకు మాత్రం కొత్త అలవాటైంది. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వాళ్ల ల్యాబులో కూర్చుంటాను. తెర మీద తొమ్మిది చుక్కలు తొమ్మిది దిక్కులకు పోతుంటాయి. రెండు ఎప్పుడూ దోసతోట వైపే. పదో చుక్క పన్నెండున్నరకు వచ్చి నీలంలో ఆగుతుంది. అప్పుడు నేను మూత తీస్తాను. కాసేపటికి మిగతావి ఒకటొకటే దాని చుట్టూ చేరతాయి, కొన్ని రోజులు చేరవు. ఎవరు ఎవరిని తోలుతున్నారో ప్రసూనకే తేలలేదు, నాకేం తేలుతుంది.

ఎగువన వానలు పడ్డాయని వార్తల్లో విన్నాం. తర్వాతి వారం నుంచి పదో చుక్క రోజూ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతోంది. నిన్న నీలం బయటికి వచ్చేసింది. అంటే మ్యాపు ఇప్పుడు నిజమైందన్నమాట, అక్కడ నీళ్లున్నాయి. ఇంక ఇంటికి పోవచ్చు కదా తాతా అని ప్రసూన ఫోను చేసింది. ఇంకో రెండు రోజులు చూసి పోతానన్నాడట, రోలు మునిగినా దాని తావు ఇంకా గుర్తు తెలస్తా ఉండాదని.

ఈరోజు పన్నెండున్నరకు చూశాం. చుక్క సరిగ్గా నీళ్ల అంచున ఉంది. గంట గడిచినా కదల్లేదు, రోలు మునిగిన చోటు చూస్తూ కూర్చున్నట్టుంది. తొమ్మిది గొర్రెలూ ఆయన కోసం ఆగకుండా అప్పటికే ఉదయగిరి దారి పట్టాయి.